న్యూటన్ వలయాల్లో నడిమి చుక్క తెల్లగా వస్తే మార్కులు కోసేయొచ్చా?

అరండల్‌పేట నాన్న (గుంటూరు)
మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మొన్న ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్షలో న్యూటన్ వలయాలు వచ్చాయి, ఒకదాని చుట్టూ ఒకటి నల్ల, తెల్ల వలయాలు కనబడే ప్రయోగమట. సోడియం దీపం వెలిగించి, గాజు పలక మీద కటకం సర్ది మైక్రోస్కోప్‌లో చూస్తే నడిమి చుక్క నల్లగా లేదట, వెలుతురుగా ఉందట. చూసింది చూసినట్టు బొమ్మ గీసింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "మధ్యలో నలుపు ఉండాలని పుస్తకంలో లేదా?" అని బొమ్మ కొట్టేసి, మార్చి గీయమన్నారు. కనబడనిది గీయనంది. మార్కులు పోయాయి. రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకు ఈ సంగతులు తెలియవు. పిల్లది తప్పు చేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గవర్నర్‌పేట మాస్టారు (విజయవాడ)
తప్పేనండీ. కటకం పలకను తాకే చోట రెండింటి మధ్య గాలి పొర మందం సున్నా. కటకం అడుగు నుంచి ఒక కిరణం, పలక పైనుంచి ఇంకో కిరణం వెనక్కి వస్తాయి. అక్కడ రెండూ నడిచే దూరం ఒకటే. కానీ గాలిలోంచి వెళ్లి గాజుకు తగిలి తిరిగొచ్చే కిరణం తలకిందులవుతుంది, శిఖరం కాస్తా లోయ అవుతుంది. గాజులోంచి వచ్చి గాలి హద్దు దగ్గర వెనుదిరిగే కిరణానికి అలా జరగదు. అందుకే ఒకదాని శిఖరం రెండోదాని లోయలో పడి నలుపు వస్తుంది. తెల్లగా వచ్చిందంటే మధ్యలో దుమ్ముంది, తుడవలేదు. తుడవడం కూడా ప్రయోగంలో భాగమే. ముప్పై నాలుగేళ్లు ల్యాబులో నిలబడినవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు.

వెర్నియర్ (గుంటూరు)
మాస్టారూ, దుమ్మేనన్నది నేనూ ఒప్పుకుంటా. సోడియం పసుపు తరంగదైర్ఘ్యం సగటున 589.3 నానోమీటర్లు. అందులో పావు వంతు, అంటే 147 నానోమీటర్లు కటకం పైకి లేచినా చాలు, పోనూ రానూ సగం తరంగం తేడా వచ్చి చుక్క తెల్లబడుతుంది. అంత సన్నటి దుమ్ము కంటికి ఆనుతుందా? అయినా అడుగుతున్నది అది కాదు. తెల్లగా కనబడితే నల్లగా గీయమనడం ఎక్కడి న్యాయం?

కృష్ణలంక
మా బ్యాచ్‌లో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేశాం. అందరికీ నల్ల చుక్కే, అందరికీ పూర్తి మార్కులే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొత్తపేట అమ్మ
వెలుగూ వెలుగూ కలిస్తే చీకటవడం ఏంటండీ? ఆ వెలుగంతా ఎటు పోయింది?

వెర్నియర్
ఎటూ పోదమ్మా. పైనుంచి చూస్తే నల్లగా ఉన్న చోటే, పలక కిందికి దాటి వెళ్లిన వెలుగులో చూస్తే ప్రకాశంగా ఉంటుంది. పైన నల్ల వలయం ఉన్న చోట కింద తెల్ల వలయం. ఒక చోట తగ్గిన వెలుగు ఇంకో చోట చేరుతుంది, అంతే.

బెంజి సర్కిల్
ఇంట్లో కూడా చూడొచ్చండి. లేజర్ పాయింటర్ ముందు తలవెంట్రుక అడ్డం పెట్టి గోడ మీద వేస్తే వరసగా చుక్కలు పడతాయి.

గవర్నర్‌పేట మాస్టారు
అది వివర్తనం, అడ్డు వచ్చినదాని అంచు దగ్గర వెలుగు వంగి పరుచుకోవడం. ఇక్కడి చర్చ వ్యతికరణం మీద, అంటే రెండు కిరణాలు కలిసి వెలుగో చీకటో అవడం. కలపకండి. నడిమి చుక్క నల్లగా ఉండాలన్నది నియమం, నేను మళ్లీ అదే అంటున్నా.

వెర్నియర్
ఆ నియమానికీ షరతులున్నాయి మాస్టారూ. థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త క్రౌన్ అనే రకం గాజు కటకాన్ని ఫ్లింట్ అనే ఇంకో రకం గాజు మీద పెట్టి మధ్యలో ససాఫ్రాస్ నూనె నింపాడు. నూనె వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే బలం, ఆ రెండు గాజులకీ మధ్యన ఉంటుంది. తక్కువ గుణకంలోంచి వెళ్లి ఎక్కువ గుణకానికి తగిలిన కిరణమే తలకిందులవుతుంది, ఇక్కడ రెండు చోట్లా అదే జరిగింది. దాంతో రెండు కిరణాలూ తలకిందులై, నడిమి చుక్క తెల్లగా వచ్చింది.

గవర్నర్‌పేట మాస్టారు
నూనె గొడవ ఇప్పుడెందుకు? ఆ పరీక్షలో మధ్యన ఉన్నది గాలి.

వెర్నియర్
నాన్నగారూ, అమ్మాయి దగ్గర రీడింగులు ఉన్నాయా?

అరండల్‌పేట నాన్న
రఫ్ కాగితం మీద ఉన్నాయి. 10వ నల్ల వలయం వ్యాసం 4.73 మి.మీ., 20వది 6.78 మి.మీ. కటకం పెట్టె మీద వక్రతా వ్యాసార్థం (కటకం వంపు ఏ గోళంలో ముక్కో ఆ గోళం వ్యాసార్థమట) 100 సెం.మీ. అని ఉందట.

వెర్నియర్
చూడండి. 10వ వలయం ఒక్కదాంతోనే లెక్కగడితే ఆ వ్యాసార్థం 94.9 సెం.మీ. వస్తుంది, దుమ్ము చేసిన తప్పు అందులో కనబడుతుంది. అదే రెండు వ్యాసాల వర్గాల తేడా తీస్తే 23.6 చదరపు మి.మీ. దాన్ని తరంగదైర్ఘ్యానికి నాలుగింతలతోనూ, వలయాల తేడా పదితోనూ భాగిస్తే 100.1 సెం.మీ.! మధ్యలో దుమ్మున్నా, ఎన్నో వలయమో లెక్కపెట్టడంలో తేడా వచ్చినా జవాబు చెడకూడదనే ఆ పద్ధతి పెట్టారు. పిల్ల కొలత బంగారం. నా డిగ్రీలో నాకూ ఇదే జరిగింది. నాకొచ్చిన విలువ కొట్టేసి పుస్తకంలోది రాయించారు. ఆ పేజీ ఇంకా దాచుకున్నా. మీలాంటివాళ్లు "ఉండాలి, ఉండాలి" అనబట్టే పిల్లలు చూడటం మానేశారు మాస్టారూ.

గవర్నర్‌పేట మాస్టారు
నోరు అదుపులో పెట్టుకో బాబూ. నేను ఎవరి చేతా దొంగ రీడింగు రాయించలేదు. పరీక్షల ముందు ఆదివారాలు ల్యాబులో కూర్చుని ఒక్కో కటకం స్పిరిట్‌లో ముంచిన దూదితో నా చేత్తో తుడిచేవాణ్ణి, పిల్లల చేత తుడిపించేవాణ్ణి. "దుమ్ముంది సార్" అన్నది సాకుగా మారితే చెయ్యి తిరగదు. నీకు పిల్ల కన్ను ముఖ్యం, నాకు పిల్ల చెయ్యి ముఖ్యం. ప్రాక్టికల్ పరీక్ష పెట్టేది చేతికి. జవాబు 100 వచ్చినంత మాత్రాన సర్దుబాటు బాగున్నట్టు కాదు.

వెర్నియర్
మిమ్మల్ని అన్న మాట తప్పు, క్షమించండి. కానీ చెయ్యి బాగాలేదని సర్దుబాటు మార్కు కొయ్యాలి, కన్ను నిజం చెప్పిందని పరిశీలన మార్కు కొయ్యకూడదు. అవి రెండూ వేరు.

అరండల్‌పేట నాన్న
అయ్యా, ఇప్పుడే అమ్మాయిని అడిగాను. తుడుచుకుంటాను, పది నిమిషాలు ఇవ్వండి అందట. తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉంది, కుదరదన్నారట. ల్యాబులో దూది కూడా లేదట.

గవర్నర్‌పేట మాస్టారు
ఇది మొదటే రాయాల్సిందండీ! అయితే తప్పు పిల్లది కాదు, ల్యాబుది. సర్దుబాటు మార్కు కూడా తనకే రావాలి. ఒక్కటి అడుగుతా. "కటకం కింద దుమ్ము ఉన్నట్టుంది, అందుకే మధ్యలో వెలుతురు" అని బొమ్మ కింద ఒక్క వాక్యమైనా రాసిందా?

అరండల్‌పేట నాన్న
రాసిందట మాస్టారూ. తన కళ్లముందే దాని మీద కూడా గీత కొట్టారట.

గవర్నర్‌పేట మాస్టారు
అయితే ఆ గీత కొట్టినాయన చేసింది తప్పు. పిల్లని అన్నం తినమనండి. గవర్నర్‌పేటలో మా ఇంట్లో పాత కటకం ఒకటి, గాజు పలక ఒకటి ఉన్నాయి. సెలవు రోజున తీసుకురండి, ఎలా తుడవాలో చూపిస్తా.