ఐరిష్ ఊరిపేర్లు: బోర్డు మీద ఒకటి, నోట ఒకటి

ఐర్లండ్ ఊళ్ళకు ఐరిష్ భాషలో ఉన్న అధికారిక నామాలే అసలైనవనీ, జనం నోట వినిపించేవన్నీ వాటి అపభ్రంశాలేననీ ఒక మిత్రులు అభిప్రాయపడ్డారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు గాని, రెండు వేర్వేరు విషయాలు అందులో కలిసిపోయాయి. అధికారిక ఐరిష్ రూపానికీ, దేశంలో అత్యధికులు వాడే ఇంగ్లీషు రూపానికీ మధ్య ఉన్న తేడా ఒకటి. అధికారిక ఐరిష్ రూపానికీ, ఐరిష్ మాతృభాషగా గలవారు తమలో తాము అనుకునే రూపానికీ మధ్య ఉన్న తేడా మరొకటి. మొదటిది రాజకీయ వివాదమై పత్రికలకు ఎక్కుతుంది; రెండోది పెద్దగా ఎవరికీ పట్టదు గాని, భాష పని చేసే తీరును చూపేది అదే.

మొదటి విషయంలో సైతం అపభ్రంశమన్న మాట అన్నిచోట్లా చెల్లదు. డబ్లిన్ సంగతే చూడండి. ఆ నగరానికి ఐరిష్‌లో అధికారిక నామం ‘బాల్య ఆహ క్లీయ’, అంటే తడికలు పరిచిన రేవు దగ్గరి ఊరు. ‘డబ్లిన్’ దానినుంచి పుట్టలేదు; నల్లని మడుగు అనే అర్థంగల ‘డువ్ లిన్’ అనే మరో ఐరిష్ పేరునుంచి పుట్టింది. అంటే ఇంగ్లీషు వాడుకలో ఒక ఐరిష్ పేరు, ఐరిష్ వాడుకలో మరొక ఐరిష్ పేరు నిలబడ్డాయి. వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్ పట్టణాల ఇంగ్లీషు పేర్లకైతే ఐరిష్‌తో చుట్టరికమే లేదు. అవి ఉత్తర ఐరోపానుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల భాషనుంచి పుట్టినవి.

తక్కిన వేలాది పల్లెల పేర్లు మాత్రం నిజంగానే ఐరిష్ పేర్లకు ఇంగ్లీషు వర్ణక్రమపు తొడుగులు. 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే దేశమంతటినీ కొలిచి పటాలు గీసిన ప్రభుత్వ సర్వే, పటాల కోసం జాన్ ఓడోనవన్ అనే పండితుడు 1830లలో ఊరూరా తిరిగి, ఐరిష్ వచ్చినవారి నోట పేర్లు విని, పాత పత్రాలతో సరిచూసి, నోటుపుస్తకాల్లో ఐరిష్ రూపాన్ని నమోదు చేస్తూనే పటం మీద వేయవలసిన ఇంగ్లీషు వర్ణక్రమాన్ని సూచించాడు. పేర్లను చెరిపివేసిన సర్వేగా దానికి చెడ్డపేరు ఉంది గాని, ఇవాళ ఐరిష్ రూపాలను తేల్చడానికి పనికొచ్చే ప్రధాన ఆధారాలలో ఆ నోటుపుస్తకాలు కూడా ఉన్నాయన్నది మరచిపోరాదు.

స్వాతంత్ర్య పోరాట కాలంలోనూ ఆ తరువాతా పాలకుల పేర్లతో ఉన్న ఊళ్ళను మార్చారు. 1821లో కింగ్స్‌టౌన్ అయిన రేవుపట్టణం 1920లో తిరిగి ‘డన్ లీరీ’ అయింది. విక్టోరియా రాణి రాకకు గుర్తుగా 1849లో క్వీన్స్‌టౌన్ అని పిలిచిన ఊరు అదే 1920లో ‘కోవ్’ అయింది. ఈ రెండోది తమాషా అయిన పేరు. చిన్న అఖాతం అనే అర్థంగల ఇంగ్లీషు మాట ‘కోవ్’నే ఐరిష్ వర్ణక్రమంలో రాశారు, చూడటానికి ఐరిష్, వినడానికి ఇంగ్లీషు. కెల్స్ పట్టణానికి 1929లో ‘క్యానన్నస్ మోర్’ అన్నదే ఏకైక అధికారిక నామమైంది గాని, ఇంగ్లీషు మాట్లాడేవారు కెల్స్ అనడం మానలేదు. చివరికి 1993లో ఆ పేరును తిరిగి ఆమోదించవలసి వచ్చింది. గెజిట్ ఒక్కటే పేరును జనం నోట నిలబెట్టలేదని చెప్పడానికి ఈ 64 ఏళ్ళు చాలు.

అన్నిటికంటె పెద్ద గొడవ కెరీ కౌంటీలోని డింగిల్ పట్టణానిది. 2003 నాటి అధికార భాషల చట్టం కింద, ఐరిష్ మాట్లాడే ప్రాంతాలైన గేల్తాహ్త్‌లలో ఐరిష్ పేర్లకే చట్టబద్ధత కల్పిస్తూ వెలువడిన ఉత్తర్వు 2005 మార్చిలో అమలులోకి వచ్చింది. దానితో దారిసూచికల మీద ‘డింగిల్’ పోయి ‘అన్ డైంగన్’ ఒక్కటే మిగిలింది. ఐరిష్ భాషకు ఇంత మేలు జరిగితే ఊరివారు ఎందుకు అభ్యంతరపెట్టారని దూరాన ఉన్న మనకు అనిపించవచ్చు. పర్యాటకుల మీద బతికే ఊరు కనుక ప్రపంచానికి తెలిసిన పేరు పోకూడదన్నది వారి వాదనలో ఒక భాగం మాత్రమే. కోట అనే అర్థంగల ఆ ‘డైంగన్’ పేరుతోనే ఆఫలీ కౌంటీలో మరొక పట్టణం ఉంది. పైగా తమ ఊరికి ‘డైంగన్ ఈ ఖూష్’ అనే నిండు పేరు ఐరిష్‌లోనే ఉండగా దాన్ని కత్తిరించడమేమిటన్నది మరో భాగం. 2006లో జరిగిన జనాభిప్రాయ సేకరణలో అత్యధికులు ‘డింగిల్ డైంగన్ ఈ ఖూష్’ అనే జంట పేరును కోరారు. 2011లో చట్టం చేసి, ఇంగ్లీషులో డింగిల్, ఐరిష్‌లో డైంగన్ ఈ ఖూష్ అని తేల్చారు. ఈ వివాదాన్ని ఐరిష్‌కూ ఇంగ్లీషుకూ మధ్య తగవుగా చెప్పేవారు ఎక్కువ. నాకు మాత్రం ఇందులో సగం తగవు ఐరిష్‌కూ ఐరిష్‌కూ మధ్యనే ఉన్నదనిపిస్తుంది.

ఇక రెండో విషయం. దేశం మొత్తానికి పేర్ల జాబితా తయారు చేసేవారికి ఒక పేరు ఒక ఊరినే సూచించాలి. 60,000కు పైగా ఉన్న టౌన్‌లాండ్లను, అంటే ఊరికంటె చిన్నవైన భూవిభాగాలను, లెక్కలో పెట్టుకున్నప్పుడు ఆ అవసరం మరీ ఎక్కువ. ఊళ్ళో ఉండేవారికి ఆ చిక్కు లేదు. గాల్వే కౌంటీలో ‘అన్ హ్యారూ రూవ’ అనే ఊరి పేరులో రూవ అంటే ఎర్రనిది. చుట్టుపక్కలవారు ఆ విశేషణాన్ని వదిలి ‘అన్ హ్యారూ’ అని ఊరుకుంటారు. డొనెగాల్ తీరాన ఉన్న ‘ఆరిన్ వోర్’ దీవిని ఆ వైపువారు ‘ఆరిన్’ అనే అంటారు. గాల్వే అఖాతంలో ఉన్న పెద్ద దీవి కూడా అక్కడివారికి ‘ఆరిన్’ మాత్రమే. పర్యాటకులందరికీ తెలిసిన ‘ఇనిష్ మోర్’, అంటే పెద్ద దీవి, పటాలతో పాటు ప్రచారంలోకి వచ్చిన పేరు. పైకి నూటికి నూరుపాళ్ళూ ఐరిష్‌గా కనిపించే పేరు కూడా ఊరివారిది కాకపోవచ్చునన్న మాట. డింగిల్‌కు పడమరన ఉన్న పల్లెకు అధికారిక రూపం ‘బాల్య అన్ ఎర్టేరిగ్’, అంటే ఫెరిటర్ వంశంవారి ఊరు. ఐరిష్ మాట్లాడే ఇరుగుపొరుగువారు దాన్ని ‘అన్ బుయల్టీన్’ అంటారు. ఈ రెండింటికీ ధ్వనిలో గాని అర్థంలో గాని పొత్తు లేదు కనుక ఒకటి మరొకదాని అపభ్రంశమనే ప్రశ్నే రాదు. మచిలీపట్నం అని రాసి బందరు అనే మనవారికి ఇది విడ్డూరంగా తోచదు.

కొన్నిచోట్ల అధికారిక రూపమే వాడుకను అనుసరించింది. కార్క్ నగరం పేరు పాత వ్యాకరణం ప్రకారం ప్రథమావిభక్తిలో ‘కొర్కహ్’, అంటే చిత్తడినేల. ఊరిపేర్లను జనం ఎక్కువగా ‘అక్కడ’, ‘అక్కడినుంచి’ అనే అర్థాల్లోనే వాడతారు కనుక విభక్తి చేరినప్పటి రూపమైన ‘కొర్కీ’ నాలుకలమీద స్థిరపడి ప్రథమకు కూడా అదే వచ్చింది. అధికారులు దాన్నే స్వీకరించారు. 1946లో ఏర్పడిన స్థలనామాల కమిషన్‌నూ, ఆ పనిని కొనసాగిస్తున్న ప్రభుత్వ శాఖనూ జనం మాట వినని వ్యాకరణవేత్తలుగా చిత్రించడం అందుకే న్యాయం కాదు. రాతలో ఒకటిగా ఉన్న ఆ పేరే దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంవారి నోట ‘కొర్కిగ్’ అవుతుంది. ‘కార్క్‌లో’ అనవలసివస్తే మొదటి హల్లు సరళమై ‘ఇ గొర్కీ’ అవుతుంది. ‘కార్క్ కౌంటీ’ అనవలసివస్తే అదే హల్లు ‘ఖొ’గా మారుతుంది. మన భాషలో విభక్తి పేరు చివరను మారిస్తే అక్కడ పేరు మొదలే మారిపోతుంది కనుక, దారిసూచిక మీది రూపం చాలా వాక్యాల్లో యథాతథంగా వినిపించదు. డబ్లిన్ ఐరిష్ పేరు కూడా పడమటివారి వేగంలో ‘బ్లా క్లీయ’గా కుదించుకుపోతుంది. అలా పలికేవారికి నిండు రూపం తెలియకపోవడం వల్ల కాదు, రోజూ అనే పేరు అరగడం వల్ల.

తెలుగులో రాసేటప్పుడు ఏది వాడాలన్న ప్రశ్నకు నా సూచన ఇది. డబ్లిన్, కార్క్, గాల్వే మనకు అలవాటైన పేర్లు, వాటిని మార్చనక్కరలేదు. ఐరిష్ వర్ణక్రమంలోనే ఇంగ్లీషులోకీ వెళ్ళిన పేర్లను మాత్రం అక్షరాలు చూసి కాక, అక్కడివారి ఉచ్చారణ విని రాయాలి. ‘కోవ్’ను ‘కోభ్’ అని, ‘డన్ లీరీ’ని ‘డన్ లావోఘైర్’ అని రాస్తే అది అటు అధికారిక రూపమూ కాదు, ఇటు వాడుక రూపమూ కాదు. గేల్తాహ్త్ ఊళ్ళ గురించి రాసేవారు బోర్డు మీది ఐరిష్ పేరును ముందు ఇచ్చి, ఊరివారు అనే పేరు వేరైతే దాన్ని కూడా మొదటిసారి ప్రస్తావించినప్పుడే పక్కన చేర్చడం మంచిది.