ఎయిర్ పిస్టల్ గ్రిప్ నా చేతికి తగ్గట్టు చెక్కుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నాచ్‌లో_సందు:
అందరికీ నమస్తే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ షూట్ చేస్తా, కుడిచేతి వాటం. రెండేళ్ళు క్లబ్ పిస్టల్‌తో చేసి ఈమధ్యే సొంతది తీసుకున్నా, వాల్‌నట్ గ్రిప్, మీడియం సైజు. పట్టుకుంటే బాగానే ఉన్నట్టు ఉంటుంది కానీ కళ్ళు మూసుకుని చేయెత్తి, సెటిల్ అయ్యాక కళ్ళు తెరిస్తే ప్రతిసారీ ఫ్రంట్ సైట్ (ముందు గురి పుల్ల) నాచ్‌లో (వెనక సైట్‌లోని గాడి) కుడి అంచుకి అతుక్కుని కనిపిస్తుంది, ఎడమవైపు పెద్ద సందు, కుడివైపు అసలు వెలుగే లేదు. మణికట్టు కొంచెం ఎడమకి తిప్పి సరిచేసుకుని షూట్ చేస్తున్నా. మొదటి 20 షాట్లు బాగుంటాయి, ఆ తర్వాత కుడివైపు 8లు (10కి బదులు 8 పాయింట్ల షాట్లు) మొదలవుతాయి, 40 దాటేసరికి చిటికెన వేలు తిమ్మిరెక్కిపోతుంది.

గ్రిప్ చెక్కుకోవాలని కోచ్ కూడా అన్నారు. ఆకురాయి, 80 నంబర్ సాండ్ పేపర్, ఎపాక్సీ పుట్టీ తెచ్చి పెట్టుకున్నా, వారం నుంచీ గ్రిప్ ముందు కూర్చుని చూడటమే తప్ప చేయి వేయట్లేదు, ఒకసారి చెక్క పోతే మళ్ళీ రాదు కదా అని భయం. ఎక్కడ తీయాలి, ఎక్కడ నింపాలి, ముందు ఏది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వాల్‌నట్_పొడి:
తమ్ముడూ, వారం ఆగడం మంచిదే అయింది, ఆకురాయి పక్కన పెట్టు ముందు. నీ తిమ్మిరి, నీ కుడివైపు 8లు, నాచ్‌లో సందు మూడూ ఒకటే సమస్య అని నాకనిపిస్తోంది.

పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకో. గ్రిప్ వెనక భాగంలో కుడివైపు అరచేతి గుంటలోకి వచ్చే ఉబ్బు ఉంటుంది కదా, అది నీ చేతికి ఎక్కువైతే గ్రిప్ వెనక భాగాన్ని ఎడమకి నెడుతుంది, వెనక ఎడమకి పోతే మూతి (బ్యారెల్ ముందు కొస) కుడికి పోతుంది. అందుకే ఫ్రంట్ సైట్ కుడికి అతుక్కుంటోంది. నువ్వు మణికట్టు తిప్పి దాచేస్తున్నావు, 20 షాట్ల తర్వాత ఆ కండ అలసిపోయి వదిలేస్తుంది, మూతి దాని ఇష్టం వచ్చిన చోటికి తిరిగి వెళ్ళిపోతుంది, కుడివైపు 8. ఇక తిమ్మిరి సంగతి, చిటికెన వేలికి వెళ్ళే నరం అరచేతి అడుగున ఆ వైపు నుంచే, మణికట్టు దగ్గర చర్మానికి బాగా దగ్గరగా వెళ్తుంది, గట్టి చెక్క ఒకే చోట గంటసేపు నొక్కితే వేలు మొద్దుబారుతుంది. దాన్ని ఓర్చుకుని షూట్ చేయడం అలవాటు చేసుకోకు, నరంతో ఆటలొద్దు.

కానీ నేను చెప్పాను కదా అని వెంటనే అక్కడ గీకేయకు. ముందు నిర్ధారించుకో. చేతికి సుద్దపొడి పల్చగా రాసుకుని పిస్టల్ ఎత్తి నిజంగా షూట్ చేస్తున్నట్టే ఒక నిమిషం పట్టుకో, దించి చూడు. వాల్‌నట్ ముదురు రంగు కాబట్టి ఎక్కడ తాకిందో తెల్లగా కనిపిస్తుంది. గట్టిగా నొక్కిన చోట మచ్చ చిక్కగా, తాకని చోట చెక్క అలాగే ఉంటుంది. నాలుగైదు సార్లు చేసి ప్రతిసారీ ఫోటో తీసి పెట్టుకో, ఒక్కసారి చూసి నమ్మొద్దు ఎందుకంటే పట్టు ప్రతిసారీ కొంచెం మారుతుంది, అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట చిక్కగా ఉంటే అదే నీ శత్రువు.

ఇదంతా చేయి చాచి, నిలబడే పొజిషన్‌లోనే చెయ్యాలి. చాలామంది టేబుల్ ముందు కూర్చుని మోచేయి వంచి పట్టుకుని "ఆహా సరిగ్గా సరిపోయింది" అనుకుంటారు, చేయి చాచగానే మణికట్టు కోణం మారుతుంది, అరచేతి కండలు వేరే చోట ఉబ్బుతాయి, టేబుల్ దగ్గర సరిపోయిన గ్రిప్ ఫైరింగ్ లైన్ మీద సరిపోదు. నా మొదటి గ్రిప్ మొత్తం ఇలాగే పాడైంది, ఎంతో ఇష్టంగా చేసుకున్నా, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పుట్టీ_పట్టు:
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను ఒక్కటే చెప్త, తీసుడు కన్న ముందు నింపి చూడు. నింపింది నచ్చకపోతే గీకేయొచ్చు, తీసింది మళ్ళ తెచ్చుడు కష్టం.

మొదట పుట్టీ గూడ వద్దు, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే తీసుకో. నీ కేసుల ముందువైపు, అంటే వేళ్ళ మొదళ్ళు గ్రిప్ కుడి ముందు భాగానికి తాకే చోట పల్చగ ఒక పొర పెట్టి చూడు. అక్కడ నింపితే గ్రిప్ ముందు భాగం ఎడమకు జరుగుతది, మూతి గూడ ఎడమకు వస్తది. వెనక తీస్తే వచ్చే ఫలితమే, కాకపోతే చెక్క పోదు. కళ్ళు మూసి ఎత్తి చూడు, సైట్ మధ్యలకు వచ్చిందంటే దిశ దొరికినట్టే. పైకీ కిందికీ గూడ ఇట్లనే చూసుకోవాలె, కళ్ళు తెరవంగనే ఫ్రంట్ సైట్ కిందికి ఉంటే వెనకవైపు అడుగున, అరచేతి కింది భాగం ఆనే చోట కొంచెం నింపు, గ్రిప్ అడుగు ముందుకు పోయి మూతి లేస్తది. పైకి ఉంటే దీనికి ఉల్టా. కొన్ని పిస్టళ్ళల్ల గ్రిప్ కోణం మార్చే స్క్రూలు ఉంటయి, ఉంటే ముందు వాటితోని ప్రయత్నించు.

అయితే నీకు తిమ్మిరి గూడ ఉంది కాబట్టి ఒట్టి నింపుడుతోని కాదు, ఆ వెనక ఉబ్బు కొంతన్న తీయాల్సిందే. తీసినప్పుడు మాత్రం 80 నంబర్ పేపర్ వేలికి చుట్టుకుని ఇరవై ముప్పై సార్లు రుద్దు, ఆగు, గ్రిప్ బిగించి ఎత్తి చూడు. కరెంటు మెషిన్ జోలికి పోకు, ఒక్క సెకను ఎక్కువ ఆనితే గుంత పడ్తది. చెక్క పొడి ముక్కులకు పోకుండ మాస్క్ పెట్టుకో, వాల్‌నట్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు గూడ తెస్తది.

ఇగ పుట్టీ సంగతి. పెట్టే చోట వార్నిష్ పూర్తిగా గీకి గరుకు చేసుకో, లేకపోతే నెల రోజులకు పెంకు లెక్క ఊడొస్తది. రెండు ముద్దలు సమానంగ తీసుకుని రంగు ఒకటయ్యేదాక పిసుకు, గ్లౌజులు తప్పకుండ వేసుకో, గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తాకితే అలర్జీ వస్తది, వచ్చినంక పోదు. గ్రిప్ పిస్టల్‌కు బిగించే ఉంచాలె ఎందుకంటే బరువు లేకుండ ఒట్టి గ్రిప్ పట్టుకుంటే చేయి వేరేగ కూర్చుంటది, పెల్లెట్ లేదని చూసుకుని గాలి సిలిండర్ తీసేసి, ఇనుము భాగాలకు టేపు చుట్టేయి. పుట్టీ మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిచి, చేయెత్తి, కళ్ళు మూసుకుని, మామూలుగ షూట్ చేసే పట్టుతోనే పది సెకన్లు పట్టుకుని దించు, మళ్ళ ఎత్తు. గట్టిగ పిసకకు. అది గట్టిపడుడు మొదలయ్యేదాక ఇట్లనే ఏడెనిమిది సార్లు చేస్తే నీ చేతి సగటు అచ్చు పడ్తది. రాత్రంత వదిలేసి పొద్దున ఆకురాయితోని అంచులు తీసేయి.

గేజ్_పెట్టె:
పైవాళ్ళు షేప్ గురించి బాగా చెప్పారు, నేను రూల్స్ గుర్తుచేస్తాను, పుట్టీ మీద పుట్టీ వేసుకుంటూ పోయి ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పోటీకి ముందు పిస్టల్ తనిఖీ) దగ్గర ఆగిపోయిన వాళ్ళని చూశాను కాబట్టి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పొడవు, ఎత్తు ఎవరికీ అడ్డు రావు, అడ్డొచ్చేది ఆ 50. ఒకవైపు బొటనవేలి రెస్ట్, ఇంకోవైపు అరచేతి షెల్ఫ్ బయటికి పొడుచుకొస్తాయి, రెండు మిల్లీమీటర్ల పుట్టీ చాలు దాటడానికి. మొదలుపెట్టే ముందే ఇప్పుడు ఎంత వెడల్పుందో కాలిపర్‌తో కొలిచి రాసుకోండి.

రెండోది, అరచేతి కింద ఆనే షెల్ఫ్ గ్రిప్‌తో 90 డిగ్రీలకి తక్కువ కోణంలో ఉండకూడదు, అంటే చేతిని కింద నుంచి పైకి కప్పుకుని పట్టేసేలా వంచకూడదు. బొటనవేలి రెస్ట్ కూడా పైకి వంగకూడదు. మణికట్టుకి ఏ భాగమూ సపోర్ట్ ఇవ్వకూడదు, బయటికి స్పష్టంగా ఖాళీగా కనిపించాలి. మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు. 50 మీటర్ల పిస్టల్ గ్రిప్‌కి ఇంత కట్టుబాటు లేదు, చేతిని చుట్టేసే గ్రిప్పులు అక్కడ కనిపిస్తాయి, వాటి ఫోటోలు చూసి కాపీ కొట్టకండి.

షెల్ఫ్ బిగుతు గురించి కూడా ఒక మాట. చేతి కింద మరీ బిగించి పెట్టేస్తారు, మొదటి పది షాట్లు అద్భుతంగా ఉంటుంది. 60 షాట్లకి 75 నిమిషాలు, దానికి ముందు ప్రిపరేషన్, సైటింగ్ (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు) 15 నిమిషాలు, అంతసేపట్లో చేయి వేడెక్కి కొంచెం ఉబ్బుతుంది, అప్పుడు చేయి పైకి నెట్టుకొచ్చి పట్టు మారిపోతుంది. షెల్ఫ్ చేతిని తాకాలి కానీ నొక్కకూడదు. సరిచూసుకోవాలంటే అరగంట డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా షూటింగ్ సాధన) చేశాక చూసుకోండి, మొదట్లో కాదు.

నాచ్‌లో_సందు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. సుద్దపొడి టెస్ట్ చేశా, ఆరు ఫోటోలు. ఆరింటిలోనూ వెనక కుడివైపు అడుగున చిక్కటి మచ్చ, వేళ్ళ మొదళ్ళ దగ్గర దాదాపు ఏమీ లేదు, అంటే అక్కడ చేయి అసలు ఆనట్లేదు. వాల్‌నట్ అన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. వెడల్పు ఇప్పుడు 47. ఒక డౌట్, చూపుడు వేలు కూడా గ్రిప్‌కి తాకుతోంది, రెండో కణుపు దగ్గర. అది వదిలేయొచ్చా?

వాల్‌నట్_పొడి:
వదలొద్దు, అది ముఖ్యం. ట్రిగ్గర్ నొక్కే వేలు చెక్కని ఎక్కడా తాకకూడదు, తాకితే వేలు కదిలినప్పుడల్లా గ్రిప్‌ని పక్కకి తోస్తుంది. అక్కడ చెక్క తీయడానికి భయపడక్కర్లేదు, ఆ చోట చేయి ఆనే పని లేదు. మందపాటి కార్డు ముక్క వేలికీ చెక్కకీ మధ్య అడ్డు లేకుండా దూరాలి, నొక్కినప్పుడు కూడా. పట్టు బరువంతా మధ్యవేలు, ఉంగరపు వేలు తీసుకోవాలి, నేరుగా వెనక్కి, చిటికెన వేలు ఊరికే ఆని ఉంటే చాలు.

ప్రింటర్_మిత్ర:
ఇంత కష్టమెందుకండీ, చేతిని స్కాన్ చేసి 3డీ ప్రింట్ గ్రిప్ చేయించుకోవచ్చు కదా?

పుట్టీ_పట్టు:
చేయించుకోవచ్చు, మంచిగనే వస్తయి, నా దోస్త్ ఒకడు అదే వాడ్తడు. కానీ స్కాన్ చేసిన రోజు చేయి ఎట్లుందో అదే వస్తది, బరువు మోస్తున్నప్పుడు కండ ఎట్ల కూర్చుంటదో రాదు, వాడు గూడ ప్రింట్ వచ్చినంక నెలరోజులు పేపర్ పట్టుకునే ఉండె. మొదటిసారి చేసేటోళ్ళు ఉన్న గ్రిప్ మీద నేర్చుకుంటేనే చేతికి ఏం కావాల్నో తెలుస్తది అని నా అభిప్రాయం.

నాచ్‌లో_సందు:
మూడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా. క్లే పెట్టగానే సైట్ సగం దూరం మధ్యకి వచ్చింది, నాలుగు రోజులు క్లే తోనే డ్రై ఫైర్ చేసి తర్వాత అదే చోట పుట్టీ వేశా. వెనక ఉబ్బు తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది, రోజుకి కొంచెం రుద్దడం, ఎత్తి చూడటం, డైరీలో రాసుకోవడం. మొత్తం తీసింది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక మార్పు చేసిన రోజు ఇంకోటి చేయలేదు, ట్రిగ్గర్ కూడా ముట్టుకోలేదు, లేకపోతే దేనివల్ల మారిందో తెలిసేది కాదు.

ఇప్పుడు కళ్ళు తెరిస్తే పదిలో ఏడు సార్లు సందులు రెండువైపులా సమానంగా ఉంటున్నాయి. నిన్న 60 షాట్లు పూర్తిగా చేశా, తిమ్మిరి రాలేదు, 52వ షాట్ దగ్గర ఆగి కావాలనే చిటికెన వేలు కదిపి చూసుకున్నా, బాగానే ఉంది. కుడివైపు 8 ఒక్కటే పడింది, అది కూడా నేను తొందరపడింది. వెడల్పు 48.5.

ఫినిషింగ్ ఏం చేయమంటారు? వార్నిష్ వేయాలా?

వాల్‌నట్_పొడి:
చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. వార్నిష్ వద్దు, చెమట పడితే జారుతుంది. 120తో నునుపు చేసి అక్కడ ఆపేయి, కొంచెం గరుకుగానే ఉండాలి. చెక్క భాగానికి అవిసె నూనె పల్చగా రాసి తుడిచేయి, తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి మూల పడేయకు, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్ళలో తడిపి బయట పరిచి ఆరబెట్టు. ఇంకో నెల షూట్ చేశాకే నూనె రాయి, ఈలోపు ఇంకా ఎక్కడో కొంచెం తీయాలనిపిస్తుంది చూడు.

నాచ్‌లో_సందు:
అనిపిస్తోంది అన్నా, బొటనవేలి కింద. రేపు సుద్దపొడి మళ్ళీ తీస్తా.