బిడ్డకు రావలసిన స్పీచ్ థెరపీని కౌన్సిల్ ఇవ్వకపోతే ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: మిడ్‌లాండ్స్ తల్లి

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్‌లోని ఒక పట్టణంలో ఉంటున్నాము. మా అబ్బాయికి ఆటిజం ఉంది. వాడి ఈహెచ్‌సీ ప్లాన్‌లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఆరోగ్యం, సంరక్షణ విషయాల్లో ఏ సాయం అందాలో స్థానిక కౌన్సిల్ రాసిచ్చే పత్రం), చదువుకు కావలసిన ప్రత్యేక సాయాన్ని రాసే సెక్షన్ ఎఫ్‌లో వారానికి ఒక గంట స్పీచ్ థెరపీ ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉన్నా, ఈ విద్యా సంవత్సరం మొదలైనప్పటి నుంచి థెరపిస్టు ముఖమే చూడలేదు. స్కూలు వాళ్లను అడిగితే కౌన్సిల్‌ను అడగమంటున్నారు, కౌన్సిల్‌ను అడిగితే ఎన్‌హెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య సేవలో) థెరపిస్టులు దొరకడం లేదంటున్నారు. కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మొదటి దశ జవాబులో జాప్యానికి చింతిస్తున్నామని రాశారే తప్ప, ఎప్పటి నుంచి ఇస్తారో చెప్పలేదు.

ఇప్పుడు ఇలాంటి ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే ఆంబుడ్స్‌మన్‌కు రాయవచ్చా? లాయరును పెట్టుకోవాలా? మావారు వర్క్ వీసా మీద ఉన్నారు, మా వీసాలపై ప్రజా నిధులకు (ప్రభుత్వ భత్యాల వంటివాటికి) అర్హత లేదని రాసి ఉంది. ఫిర్యాదు వల్ల దానికేమైనా ఇబ్బంది వస్తుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి

అమ్మా, ముందు వీసా సంగతి. ప్రజా నిధులుగా లెక్కించే వాటిలో పిల్లల చదువు లేదు, ఈహెచ్‌సీ ప్లాన్ కింద అందే సాయం చదువులో భాగమే. మీ బిడ్డకు చట్టప్రకారం రావలసినది అడగడం తప్పు కాదు. ఆంబుడ్స్‌మన్ తన నిర్ణయాలను ప్రచురించేటప్పుడు ఫిర్యాదుదారుల అసలు పేర్లు వాడరు. లాయరు అక్కర్లేదు, ఫీజు కూడా లేదు.

ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసేది లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్. 1974 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టంతో ఈ వ్యవస్థ ఏర్పడింది. మొదట్లో కౌన్సిలర్ ద్వారానే ఫిర్యాదు పంపాల్సి వచ్చేది. 1988 తర్వాత సామాన్యులు నేరుగా రాసుకునే వీలు కలిగింది. ఈ మార్పు లేకపోతే మనలాంటి వలస కుటుంబాలలో చాలామంది ఆ గడప తొక్కేవారు కాదని నా అభిప్రాయం.

అయితే కౌన్సిల్ సొంత ఫిర్యాదు ప్రక్రియ పూర్తి కాకముందే వెళితే సాధారణంగా వెనక్కి పంపుతారు. మీరు రెండో దశకు తీసుకెళ్లి తుది జవాబు అడగండి. మొత్తం ప్రక్రియకు పన్నెండు వారాల దాకా సమయం ఇవ్వడం సమంజసమని వారు భావిస్తారు. అప్పటికీ జవాబు రాకపోతే ఆ సంగతే చెప్పి నేరుగా వెళ్లవచ్చు. సమస్య మీకు తెలిసిన నాటి నుంచి పన్నెండు నెలల్లోపు ఆంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలన్న గడువును మాత్రం మరవకండి. కౌన్సిల్ "పరిశీలిస్తున్నాము" అంటూ నెలలు దొర్లిస్తుంటే, ఆ మాట నమ్మి కూర్చున్నవారికి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

థెరపిస్టులు దొరకడం లేదన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ప్లాన్‌లోని సెక్షన్ ఎఫ్‌లో రాసినదాన్ని అందించే బాధ్యత కౌన్సిల్‌దే. ఆ పనిని ఎన్‌హెచ్‌ఎస్‌కో స్కూలుకో అప్పగించినా, వాళ్లు చేయనప్పుడు జవాబు చెప్పుకోవలసింది కౌన్సిలే. అవసరమైతే ప్రైవేటు థెరపిస్టును పెట్టి అయినా ఇవ్వాలి.

సమాధానం: ఇద్దరు పిల్లల అమ్మ

మేమూ ఇదే దారిలో వెళ్లాము కనుక రాస్తున్నాను. ఆంబుడ్స్‌మన్ రెండు విషయాలు చూస్తారండీ: కౌన్సిల్ పనితీరులో లోపం ఉందా, ఆ లోపం వల్ల మీకు నష్టం కలిగిందా. రెండోది నిరూపించడంలోనే చాలామంది వెనకబడతారు. అధికారి ఎంత నిర్లక్ష్యంగా మాట్లాడారో పేజీలకొద్దీ రాస్తారు, బిడ్డ ఏమి కోల్పోయాడో రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

నేను ఒక కాగితం మీద వారాల వారీగా పట్టిక గీశాను. ఒక గడిలో ప్లాన్ ప్రకారం ఆ వారం అందవలసినది, పక్క గడిలో నిజంగా అందినది, మూడో గడిలో ఆ వారం కౌన్సిల్‌కు నేను పంపిన ఈమెయిల్ తేదీ. రెండో గడి వరుసగా ఖాళీగా కనబడుతుంటే ఇక వేరే వాదన అక్కర్లేదు. స్కూలు వార్షిక సమీక్షలో మా పాప మాట విషయంలో ఎక్కడ ఆగిపోయిందో టీచరు రాసిన వాక్యాన్ని కూడా జతచేశాను. విచారణాధికారి ముందు ముసాయిదా నిర్ణయాన్ని మాకూ కౌన్సిల్‌కూ పంపి అభిప్రాయాలు అడిగారు. అందులో ఒక టర్మ్ లెక్క తప్పిపోతే ఆ పట్టిక చూపించి సరిచేయించుకోగలిగాము. ముసాయిదా వచ్చినప్పుడు అలసిపోయి చదవకుండా వదిలేయకండి.

పరిహారం విషయానికి వస్తే, ఇది కోర్టు కాదు కాబట్టి పెద్ద మొత్తాలు ఆశించకూడదు. చదువు నష్టానికి ఒక్కో టర్మ్‌కు 900 నుంచి 2,400 పౌండ్ల దాకా సిఫార్సు చేయవచ్చని వారి మార్గదర్శకాల్లో ఉంది. ఎంత కోల్పోయారన్నదాన్ని బట్టి అది మారుతుంది. మాకు ఆ డబ్బు కంటే, ఫలానా గడువులోగా థెరపీ మొదలుపెట్టాలన్న సిఫార్సు ఎక్కువ ఉపయోగపడింది.

మిడ్‌లాండ్స్ తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. సిఫార్సును కౌన్సిల్ పాటించకపోతే ఏమవుతుంది? వారానికి ఒక గంట చాలదని, రెండు గంటలు కావాలని కూడా అదే ఫిర్యాదులో అడగవచ్చా?

సమాధానం: విశ్రాంత ఉద్యోగి

ఆ సిఫార్సులను తప్పనిసరిగా పాటించాలని చట్టం నిర్బంధించదు. కానీ కౌన్సిళ్లు దాదాపు అన్ని సందర్భాల్లోనూ పాటిస్తాయి. కాదన్న పక్షంలో ఆంబుడ్స్‌మన్ బహిరంగ నివేదిక ఇవ్వవచ్చు; దాని గురించి కౌన్సిల్ స్థానిక పత్రికల్లో ప్రకటన వేయాలి, ఆ నివేదికను పరిశీలించి ఏమి చేయబోతున్నదీ మూడు నెలల్లోగా తెలియజేయాలి. ఎన్నికైన సభ్యుల ముందు ఆ చర్చ రావడాన్ని ఏ అధికారీ కోరుకోడు.

రెండో ప్రశ్నకు జవాబు, అడగకూడదు. ఎన్ని గంటలు ఇవ్వాలన్నది ప్లాన్‌లోని విషయానికి సంబంధించిన వివాదం, దాన్ని తేల్చేది సెండ్ ట్రిబ్యునల్, అంటే ప్రత్యేక విద్యా అవసరాల అప్పీళ్లు వినే ట్రిబ్యునల్. కౌన్సిల్ నిర్ణయం సరైన పద్ధతిలో జరిగితే, అది మనకు నచ్చలేదన్న కారణంతో ఆంబుడ్స్‌మన్ దాన్ని మార్చలేరు. అంతేకాదు, ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసిన అంశంతో విడదీయరానంతగా ముడిపడిన నష్టాన్ని కూడా ఆంబుడ్స్‌మన్ విచారించలేరు. కాబట్టి మీ ఫిర్యాదును "రాసిన ఒక గంట అందలేదు" అన్న మాటకే పరిమితం చేయండి. రెండు గంటల కోరికను వార్షిక సమీక్షలో రాతపూర్వకంగా పెట్టండి. కౌన్సిల్ కాదంటే, ఆ నిర్ణయ లేఖ తేదీ నుంచి రెండు నెలలు, లేదా మీడియేషన్ సర్టిఫికెట్ (కౌన్సిల్‌తో మధ్యవర్తిత్వం గురించి సంప్రదించినట్లు ఇచ్చే పత్రం) వచ్చిన నాటి నుంచి ఒక నెల, ఈ రెండింటిలో ఏది తర్వాత ముగిస్తే ఆ లోపు అప్పీలు చేసుకోవచ్చు.

సమాధానం: గ్లాస్గో నుంచి

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. పైన చెప్పినదంతా ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ప్రజా సేవల ఆంబుడ్స్‌మన్ కార్యాలయాలు వేరుగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కూడా, కౌన్సిల్ ఇంట్లో అద్దెకుంటూ గోడల చెమ్మ, మరమ్మతుల గురించి ఫిర్యాదు చేయదలిచినవారు హౌసింగ్ ఆంబుడ్స్‌మన్‌కు రాయాలి.