‘కనుమ దాటి పోతున్నా…’ చివర ‘ను’ ఉందా, ‘డు’ ఉందా?

గుంటూరు బాటసారి:
కొన్ని రోజులుగా ఒక పాదం నన్ను నిద్రపోనివ్వడం లేదు. కొరియా జానపద పాట ‘అరిరాంగ్’ పల్లవికి తెలుగు అది. చాన్నాళ్ల కిందట ఏదో పాత పత్రికలో చదివాను. ‘అరిరాంగు కనుమ దాటి పోతున్నా…’ అంతవరకే వస్తోంది. చివరి అక్షరం ‘ను’ అని ఉందో ‘డు’ అని ఉందో గుర్తు రావట్లేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కొరియాలో తిరుగుతున్నాను. మొన్న కాంగ్‌వొన్ కొండల్లో జొంగ్‌సొన్ సంతకి వెళ్లాను. మన వారపు సంతలా కాదు, అయిదు రోజులకోసారి, 2, 7 అంకెలతో ముగిసే తేదీల్లో. ఒక ముసలమ్మ నల్లటి పెనం మీద బక్‌వీట్ పిండిని పెసరట్టు కంటే పల్చగా పోసి, మధ్యలో కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ) పరిచి, చాప చుట్టినట్టు చుడుతోంది. ‘అన్నం తిన్నావా’ అని అడిగింది. వాళ్ల పలకరింపే అదట, అచ్చం మన అమ్మమ్మల్లాగే. పాట అడిగితే చేతిలో గరిటె పక్కన పెట్టి మరీ పాడింది. అక్కడే ఈ పాదం తగులుకుంది.

తెనాలి చదువరి:
‘డు’ తప్ప ఇంకోటి ఉండటానికి వీల్లేదు. తర్వాతి పాదం చూడండి: నన్ను వదిలి వెళ్లే ప్రియుడికి పది ‘రి’ల (‘రి’ వాళ్ల దూరపు కొలత) దూరం పోకముందే కాళ్లు చెడతాయి అంటుంది. వెళ్లేది అతను, ఉండిపోయేది ఆమె. కనుమ దాటేదెవరు? అతనే. ‘పోతున్నాడు.’

పెనుకొండ దుబాసి:
అక్కా, అంత సులువుగా తేలదు. మూలంలో ఉన్నది ‘నొమొగందా’. ఆ క్రియకి పురుష ప్రత్యయం లేదు. నేను దాటినా, నువ్వు దాటినా, వాడు దాటినా, ఊరంతా దాటినా ‘నొమొగందా’నే. కర్త కూడా లేదు. కొరియావాళ్లకి ఆ ప్రశ్నే రాదు. ఎవరి దుఃఖం వాళ్లు అందులో పెట్టుకుని పాడతారు. మన తెలుగుకి ఆ వెసులుబాటు లేదు. క్రియ చివర ఎవరో ఒకరిని నిలబెట్టాల్సిందే. కాబట్టి ‘డు’ అనువాదకుడి తీర్పు, మూలం కాదు.

‘కనుమ’ అన్నందుకు మాత్రం ఆయనెవరో గాని దండం పెట్టాలి. ‘గోగె’ అంటే రెండు కొండల నడుమ దాటే దారి. చాలామంది ‘కొండ’ అని రాసేస్తారు.

ఒంగోలు మాస్టారు:
మీరిద్దరూ ‘షి’ని వదిలేశారు. ‘నరుల్ బొరిగో గాషినున్ నిమున్’ అన్నారు, ‘నన్ను వదిలి వెళ్లే ప్రియుడు’ అని. ‘నిమ్’ అంటే ఆ ప్రియుడే. ‘గానున్’ అంటే ‘వెళ్లే’. మధ్యలో ‘షి’ చేరితే గౌరవం. వదిలేసి పోతున్న మనిషికి కూడా ఆమె మర్యాద తప్పలేదు! మన ‘వెళ్లే’కి ఆ గౌరవం తొడగలేం. పక్కన ‘వాడు’, ‘ఆయన’, ‘వారు’ అని చేరిస్తే తప్ప తెలీదు. అందుకని నేను ‘పోతున్నారు’ అంటాను. ‘ను’, ‘డు’ కాదు, ‘రు’.

ఇంకో మాట. కాళ్లు చెడతాయనే పాదానికి వచ్చేసరికి ఆ ‘షి’ లేదు. మొదటి సగంలో మర్యాద, రెండో సగంలో శాపం. ఆమె మనసు ఎక్కడ విరిగిందో వ్యాకరణమే చూపిస్తోంది.

పెనుకొండ దుబాసి:
మాస్టారూ, రెండో సగంలో క్రియకి కర్త ఆయన కాదు, జబ్బు. ‘బల్ప్యొంగ్ నందా’, పాదానికి జబ్బు వస్తుంది అని. గౌరవం చేర్చాలంటే చేర్చొచ్చు, చేర్చకపోతే అమర్యాదా కాదు. ‘బల్ప్యొంగ్’లో ఆ ‘ప్య’ని వత్తి పలకాలి. తేల్చి ‘బల్‌బ్యొంగ్’ అంటే ‘రోగం మొదలవడం’ అనే వేరే మాట అవుతుంది. నాకది శాపంలా వినపడదు. ఇంకాస్త దూరం పోలేక వెనక్కి రావాలనే ఆశ అది.

తెనాలి చదువరి:
‘రు’ వద్దు మాస్టారూ. ప్రేమలో ‘వాడు’ అనడం మనకి అమర్యాద ఎప్పుడైంది? క్షేత్రయ్య నాయిక ఏమంది? ‘ఎంత చక్కని వాడే నా సామి, వీడెంత చక్కని వాడే.’ ఒకే ఊపిరిలో ‘వాడు’, ‘సామి’, ‘వీడు’! ‘సామి’ అన్న నోటితోనే ‘వీడు’ అంటోంది. ఆ ‘వీడు’లో ఉన్న చనువు ఏ ‘ఆయన’లో ఉంది? కొరియా ‘నిమ్’కి నా తెలుగు ‘సామి’. ‘సామి పోతున్నాడు’ అంటే గౌరవమూ నిలిచింది, ‘డు’వూ నిలిచింది.

ఒంగోలు మాస్టారు:
క్షేత్రయ్యని తెచ్చాక నేనేం మాట్లాడను! కాని ఆయన నాయిక మువ్వగోపాలుడి పొందు రుచి చూసినది, అలిగే హక్కు ఉన్నది. ఈ పాటలో ఆమె దారి పక్కన నిలబడిపోయింది. రెండు చనువులూ ఒకటి కావు.

‘నిమ్’ అంటే ‘సామి’ అనడం బాగుంది. 1926లో ‘నిమ్ మౌనం’ అనే కవితా సంపుటి వేసిన హాన్ యొంగ్‌ఉన్ బౌద్ధ భిక్షువు, జపాన్ పాలన నుంచి విడిపోతున్నామన్న 1919 కొరియా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలో ఒకడు. మనసు వేటికోసం తపిస్తుందో అవన్నీ నిమ్మే అని ముందుమాటలో రాసుకున్నాడు. ప్రియుడా, బుద్ధుడా, పోయిన దేశమా అని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన టాగూరుని చదివి రాసిన పద్యం కూడా ఆ సంపుటిలో ఉంది.

పెనుకొండ దుబాసి:
ఇక్కడ కొరియావాళ్ల కార్ల ప్లాంటులో రోజుకి వందసార్లు ‘నిమ్’ అంటాను. మేనేజరు ‘బుజాంగ్‌నిమ్’, టీచరు ‘సొన్‌సెంగ్‌నిమ్’, అతిథి ‘సొన్నిమ్’. అది మన ‘గారు’. విడిగా నిలబడ్డ ‘నిమ్’ వేరు. దాన్ని దక్షిణ కొరియా నిఘంటువులు ‘ఇమ్’ అని రాయమంటాయి. పాడేవాళ్లు మాత్రం ‘నిమ్’ అనే పాడతారు.

కరీంనగర్ తమ్ముడు:
అందరు పెద్దోళ్లే, ఒక్క మాట చెప్త. అన్నకు యాది తెగిపోయిందని ఎందుకనుకుంటున్నరు? పాదం అక్కడికే అయిపోయిందేమో! ‘పోతున్నా’ అంటే మాకు నిండు మాటనే, ‘నేను పోతున్న’ అని. ‘ను’ లేదు, ‘డు’ లేదు. వెతికే అక్షరం అసలు అచ్చుల పడనే లేదేమో.

ఒంగోలు మాస్టారు:
తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. కాని పాత పత్రికల అచ్చులో వాక్యాన్ని అలా వదిలేవారు కాదు.

కరీంనగర్ తమ్ముడు:
అది పాట గద సార్, వ్యాసం కాదు.

తెనాలి చదువరి:
ఆ ‘పది రి’లని ఏం చేశారో గుర్తుందా బాటసారి గారూ? ‘ఆమడ’ అని ఉంటే ఆ అనువాదాన్ని నమ్మను. పది ‘రి’లంటే నాలుగు కిలోమీటర్లు, మన కోసు కంటే కాస్త ఎక్కువ. ఆమడకి నాలుగు కోసులు. పైగా ‘ఆమడ దూరం’ అంటే మనకి చాలా దూరమనే లెక్క. అక్కడ కావలసింది ‘పట్టుమని కోసెడు దూరం పోకముందే’ అనే బిగువు.

గుంటూరు బాటసారి:
‘పట్టుమని’ అన్న మాట చదవగానే ఒళ్లు జలదరించింది, కాని అది అందులో ఉన్నట్టు గుర్తు లేదు. సోల్‌లో వాంగ్‌షిమ్ని అనే మెట్రో స్టేషనుంది. ఆ ‘షిమ్ని’ కూడా పది రిలే. రాజధానికి చోటు వెతుకుతున్న ముహాక్ భిక్షువుతో ఇంకో పది రిలు పొమ్మన్నారని కథ చెబుతారు.

కరీంనగర్ తమ్ముడు:
‘నరుల్’ల ‘న’ అంటే ‘నేను’ కదా? వాళ్ల ‘నా’, మన ‘నా’ ఒక్కటేనా? వాళ్లు నాన్నను ‘అప్పా’ అంటరంట.

ఒంగోలు మాస్టారు:
ఆ ఆశ పాతదే. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియన్‌కీ ద్రావిడ భాషలకీ తులనాత్మక వ్యాకరణమే రాశాడు. భాషావేత్తలు ఒప్పుకోలేదు, అలాంటి పోలికలు ఎక్కడైనా దొరుకుతాయి. కాని 1896లో అరిరాంగ్‌ని మొదటిసారి పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించింది కూడా ఆయనే. సోల్‌లో యాంగ్‌హ్వాజిన్ శ్మశానంలో ఉన్నాడు. బాటసారి గారూ, వీలైతే ఒక పువ్వు పెట్టి రండి.

పెనుకొండ దుబాసి:
ఒక సందేహం. మీరు విన్నది జొంగ్‌సొన్‌లో కదా? కాళ్లు చెడే పాదం అక్కడిది కాదు. అది 1926లో నా ఉన్‌గ్యు తీసిన ‘అరిరాంగ్’ సినిమాతో దేశమంతా పాకిన వరసది. అరిరాంగ్‌లు వేలల్లో ఉన్నాయి. యునెస్కో 2012లో జాబితాకెక్కించినప్పుడు సుమారు 3,600 పాఠాలన్నారు. జొంగ్‌సొన్ పల్లవి చివర ‘నొమొగందా’ ఉండదు. ‘గోగె గోగెరో నరుల్ నొమ్‌గ్యొజుగే’ అంటారు. ‘కనుమ కనుమా నన్ను దాటించవయ్యా’ అని. అప్పుడు మీ ‘పోతున్నా’కి చోటే లేదు.

గుంటూరు బాటసారి:
ముసలమ్మ రెండూ పాడింది. మొదట నెమ్మదిగా, సాగదీసి ఒకటి. నాకు అర్థం కాలేదని మొహం చూసి, నవ్వి, అందరికీ తెలిసిన వరస అందుకుంది. ‘గాషినున్’ అందో ‘గానున్’ అందో మాత్రం చెప్పలేను. పక్కన పెనం చిటపటలాడుతోంది.

రేపు 17. మళ్లీ సంత రోజు. బస్సు టికెట్ తీసుకున్నాను.

పెనుకొండ దుబాసి:
అయితే పాట అడిగేటప్పుడు ‘హల్మొని’ అనకండి, ‘హల్మొనిమ్’ అనండి. ముందు ఆమె చుట్టే అట్లు రెండు కొనుక్కుని తినండి. ‘షి’ దగ్గర చెవి పెట్టండి.