బీరువాలోని పుస్తకాలు పిల్లల చేతికి అందేదెలా?

మాది ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడిచే ప్రాథమిక పాఠశాల. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ప్రతి బడిలోనూ ఉండాలి. మా బడిలో అది ఒక ఇనుప బీరువా. పుస్తకం చిరిగినా, పోయినా తనిఖీలో జవాబు చెప్పుకోవాలన్న భయంతో దానికి ఏళ్లుగా తాళమే తీయలేదు. గత నెలలో నేను కిటికీకి అడ్డంగా తాడు కట్టి 20 పుస్తకాలు వేలాడదీశాను. పాఠాన్ని కూడబలుక్కుంటూ చదివే మూడో తరగతి పాప ఒకతె, మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఏనుగు బొమ్మల కథను వదల్లేదు. అది చూశాక, పుస్తకాలను ఇళ్లకు కూడా పంపాలని గట్టిగా అనిపిస్తోంది. లైబ్రేరియన్ లేని బడుల్లో ఈ పని చేసినవారు, పుస్తకాలను చదివే స్థాయిని బట్టి ఎలా విడదీశారో, ఇచ్చిపుచ్చుకునే లెక్కను పిల్లలచేతే ఎలా రాయించారో, ముఖ్యంగా చిరిగినవాటిని రిజిస్టరులో ఎలా చూపారో దయచేసి వివరంగా తెలియజేయగలరా?