మామయ్య బ్యారన్ కంప్యూటర్: మళ్లీ స్కూలు యంత్రంగా మార్చాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

టంగుటూరు మేనల్లుడు

మా మామయ్య హైస్కూల్లో సైన్సు మాస్టారు. పోయి ఏడాదవుతోంది. మొన్న అటక మీద సామాను దించుతుంటే గోనెపట్టాలో చుట్టిన బీబీసీ మైక్రో మోడల్ బి అనే పాత కంప్యూటరు కనిపించింది. 1984లో పిల్లలకు కంప్యూటరు నేర్పడానికి పెట్టిన ‘క్లాస్’ పథకం కింద దేశంలో ఓ 250 స్కూళ్లకు ఇచ్చారే, ఆ రకం. స్కూల్లో పాత సామాను వేలం వేస్తే మామయ్య పాడుకున్నాడని అత్తయ్య చెప్పింది.

అయితే దీన్ని ఆయన పొగాకు బ్యారన్‌కి, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టానికి, కట్టాడు. అసలు పవర్ సప్లై డబ్బా పీకి విడిగా అట్టపెట్టెలో దాచాడు. దాని చోట అరచెయ్యంత అల్యూమినియం రేకు, దానికి బోల్టుతో బిగించిన ఎల్ఎం 323 రెగ్యులేటరు (బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు దించేది), కారు బ్యాటరీకి తగిలించే మొసలి క్లిప్పులు. వేడి పోవడానికి మూతకి చదరంగా కోత. వెనక వోల్టేజీలు కొలిచే అనలాగ్ పోర్టు నుంచి టెలిఫోను తీగ, దాని చివర వేడిని పసిగట్టే థర్మిస్టర్లు మూడు. అడుగున యూజర్ పోర్టు నుంచి చిన్న బోర్డు, దాని మీద రిలే (కంప్యూటరు వేసే స్విచ్చు), రిలేకి కాలింగ్ బెల్లు. లోపల అదనంగా ఒక ఈప్రామ్, అంటే ప్రోగ్రాము రాసిపెట్టే చిప్పు. దాని స్టిక్కరు మీద బాల్‌పెన్నుతో ‘బ్యారన్ 3’ అని మామయ్య రాత.

తెలిసినాయన ఒకరు వేరే మూత తెప్పించి, తీగలన్నీ పీకేసి, కొత్తదానిలా చేసిస్తానంటున్నాడు. ఫోటో పెట్టాను. చేయించనా? మీరేమంటారు?

దర్గామిట్ట రిపేరు

తమ్ముడూ, నెల్లూరు దర్గామిట్టలో ముప్పయ్యేళ్లుగా టీవీలూ రేడియోలూ బాగుచేస్తుండా. నా మాట విను, దాన్ని స్కూలు యంత్రంగానే తిప్పు. ఆ పథకంలో వచ్చినవి మన జిల్లాల్లో ఎన్ని మిగిలుంటాయి చెప్పు? మీ మామయ్య పని మీద నాకు గౌరవం ఉండాది. కానీ అది ఆయన అప్పటి అవసరానికి చేసుకున్న సర్దుబాటు. కరెంటు నిలకడగా ఉండదు, బ్యాటరీ కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ బ్యారన్ నడవడం లేదు గదా. పిల్లలు వచ్చి స్విచ్చేస్తే మోటు శబ్దం ఒకటి, సన్న శబ్దం ఒకటి మోగి, తెర మీద బేసిక్, అదే ప్రోగ్రాములు రాసే భాష, రావాల. అదీ ఆ యంత్రానికి ప్రాణం.

కొండపి రైతు

అన్నా, సర్దుబాటు అనమాకు. బ్యారన్ కాడ రాత్రుళ్లు కూర్చున్నోడికి తెలుస్తది. ఆకు ఎక్కించాక అయిదారు రోజులు మంట ఆరకూడదు, ఎగరకూడదు. ఆకు పండేదాకా 90, 100 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నిలపాలి. తొందరపడి పెంచితే పచ్చ అట్టాగే ఆకులో బిగుసుకుపోద్ది. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటా పోయి, ఈనె ఎండటానికి చివర 160 దాకా తీసుకెళ్లాలి. ఒక్క రాత్రి కునుకు పడితే బ్యారన్ మొత్తం రంగు పోద్ది, వేలం ప్లాట్‌ఫాం మీద బేళ్లు ఎవరూ ముట్టుకోరు. మా నాయన థర్మామీటరు చూడటానికి గంటకోసారి లాంతరు పట్టుకుని లేచేవాడు. మాస్టారు మంచం మీద పడుకుని, బెల్లు మోగితే లేచాడంటే అది ఎంత పని! తీగలు పీకి కొత్త మూత పెడితే ఆ సంగతి ఇక ఎవరికి తెలుస్తది?

ఒంగోలు లెక్చరర్

ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి. ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశాను. బీబీసీ మైక్రోలో వోల్టేజీని అంకెగా మార్చే చిప్పు, మైక్రో పీడీ 7002, బోర్డు మీదే ఉంటుంది. నాలుగు ఛానళ్లు, అంటే నాలుగు వోల్టేజీలు కొలవొచ్చు. దాని రెఫరెన్సు వోల్టేజీ, అంటే కొలతకు కొలబద్దలా వాడేది, వరసగా పెట్టిన మూడు డయోడ్ల నుంచి వస్తుంది, సుమారు 1.8 వోల్టులు. డయోడ్లు వేడెక్కితే అది జారుతుంది. మార్చి ఎండకి యంత్రం లోపల ఎంత వేడో ఊహించండి. మాస్టారు థర్మిస్టర్లకు 5 వోల్టులు ఇవ్వలేదు. అదే పోర్టులో బయటికి వచ్చే రెఫరెన్సు పిన్ను నుంచి ఇచ్చారు. రెఫరెన్సు తగ్గితే థర్మిస్టరు మీద వోల్టేజీ కూడా అదే పాళ్లలో తగ్గుతుంది, లెక్క చెదరదు. తెలిసి చేసిన పని ఇది. మామూలు మోడల్ బి కావాలంటే ఇప్పటికీ కొనొచ్చు. ఇలాంటిది ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

బాబూ, ఏం చేసినా ముందు ఈప్రామ్ చదివించు. ఆ చిప్పు నడినెత్తిన ఉండే గాజు కిటికీ మీది స్టిక్కరు పీకొద్దు. కిటికీకి నేరుగా ఎండ తగిలితే లోపల రాసింది వారం రోజుల్లో చెరిగిపోవచ్చని తయారీదారుల పత్రాల్లోనే ఉంటుంది. పాత పవర్ సప్లైని ప్లగ్గులో అసలే పెట్టొద్దు. మెయిన్స్ వైపు తేనె రంగులో అద్దంలా కనిపించే కాగితపు కెపాసిటర్లుంటాయి. అవి బీటలువారి చెమ్మ పీలుస్తాయి. కరెంటిచ్చిన కాసేపటికి ఇల్లంతా పొగ.

దర్గామిట్ట రిపేరు

సార్, రెఫరెన్సు పిన్ను సంగతి నేను గమనించలా. దండం పెట్టాల ఆయనకి. కానీ నా ప్రశ్న అట్టే ఉండాది. అద్దాల బీరువాలో పెడతారా, తిప్పుతారా? తిప్పాలంటే ఆ రెగ్యులేటరుతోనా? 12లో 5 పోతే 7 వోల్టులు. రెండు ఆంపియర్లు లాగితే 14 వాట్లు ఆ రేకు మీదే వేడిగా పోవాల. క్లిప్పులు తిరగేసి తగిలిస్తే అడ్డుకునే డయోడ్ కూడా ఫోటోలో కనపళ్లా. మాస్టారికి తన చెయ్యి తనకు తెలుసు. రేపు ఎవరో పిల్లోడు తగిలిస్తే మొత్తం బోర్డే పోతుంది. అప్పుడు ఏం దాచినట్టు? ఆ కెపాసిటర్లు మార్చడం గంట పని, డబ్బులొద్దు, నేను చేస్తా.

కందుకూరు వైపు

2022లో జిల్లా మారి కొన్నేళ్లు నెల్లూరు వాళ్లమయ్యాం, పొగాకు మాటలు మాత్రం ఒంగోలువే, అందుకని ఇద్దరి మధ్యలో దూరుతున్నా. పవర్ సప్లై ఇవాళ పెట్టి రేపు తీయొచ్చు. ఈప్రామ్ తీసినా మళ్లీ గుచ్చొచ్చు. ఆయన చేత్తో వేసిన టంకం పీకితే మళ్లీ రాదు, కోత పడ్డ మూత పారేస్తే రాదు. ఆ రెండూ వదిలేసి మిగతాది ఏం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

టంగుటూరు మేనల్లుడు

నిన్న ఒంగోలు వెళ్లాను. లెక్చరర్ గారు సన్న స్క్రూడ్రైవరుతో అటు కొంచెం ఇటు కొంచెం లేపితే ఈప్రామ్ కదిలింది. కాళ్లు నల్లబడ్డాయి గానీ ఒక్కటీ విరగలేదు. మూడుసార్లు చదివితే మూడూ ఒకటే వచ్చాయి. అంకెల మధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు: ‘ఆకు పండింది మంట పెంచు’, ‘కట్టెలు చూడు’, ‘పైన వేడి ఎక్కువ’.

సాయంత్రం అత్తయ్యకి చదివి వినిపించాను. కొండపి బాబాయ్, మనం అనుకున్నట్టు ఆ బెల్లు మామయ్య కోసం కాదట. ఆయన స్కూలుకెళ్తే పగలంతా బ్యారన్ చూసుకునేది అత్తయ్యే. పొయ్యి మీద అన్నం వదిలేసి పదిసార్లు పరిగెత్తాల్సి వస్తోందని బెల్లు వంటింట్లో పెట్టాడట. టీవీ గుమ్మంలోకి తిప్పి ఉంచేవాడట, ఆమె వంట దగ్గర్నుంచే మాటలు చదువుకునేలా. గోడకి బెల్లు తగిలించిన మేకు ఇంకా ఉంది, దాని కింద సున్నం మీద తీగ ఒరిసిన గీత కూడా.

మూత మార్చను, టంకాలు ముట్టుకోనివ్వను. తిప్పడం మాత్రం తిప్పుదాం, అత్తయ్య ఒకసారి చూస్తానంది. దర్గామిట్ట అన్నా, ఆదివారం పాత పవర్ సప్లై తీసుకుని నెల్లూరు వస్తున్నా. కెపాసిటర్లు మార్చి పెట్టండి. రేకూ రెగ్యులేటరూ ఉన్నచోటే ఉంటాయి, మీ సప్లై బయటి నుంచి తగిలిద్దాం.

దర్గామిట్ట రిపేరు

రా తమ్ముడూ. మూత కొత్తది తెప్పించమనే ఇంకా అంటుండా, పాతది పక్కన భద్రంగా పెట్టుకో. దాని మీద ఆదివారం మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు ఆ బెల్లు కూడా పట్టుకురా, రిలే బోర్డుకి కట్టి మోగుతుందో లేదో చూస్తా.