బస్సులో ప్రకృతి ఏదీ? నమకంలో అకారం ఏదీ?

— నమకంలో (రుద్రుడికి నమస్కారాల వేదపాఠం) రథాలున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కలిపి దణ్ణం పెట్టే ముక్క నాకు "నమో రథిభ్యో రథేభ్యశ్చ" అనే నోటికొస్తోంది. అందులో లేనివాళ్ళెక్కడ? ఆమ్నిబస్ అంటే లాటిన్‌లో 'అందరి కొరకు' అని చూసినప్పట్నుంచీ ఇది వదలట్లేదు. ఆ చివరి బస్, మన సంస్కృతంలో రథేభ్యః చివరి భ్యః ఒకటేనా?

— చుట్టాలే. ఆమ్నిస్ (అన్నీ, అందరూ) అనే మాటకు చతుర్థీ బహువచనం ఆమ్నిబస్, అంటే మన సర్వేభ్యః. పంచమికీ అదే రూపం, అక్కడా ఇక్కడా. 1829లో షిల్లిబీర్ అనే ఆయన లండన్‌లో పాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా నడిపిన మూడు గుర్రాల బండికి ఆ పేరు పారిస్ నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ముందు సగం కోసేశారు. కోత సరిగ్గా ఆమ్ని, బస్ అతుకు దగ్గరే పడింది. 'అందరూ' పోయారు, 'కొరకు' మిగిలింది! ఆ ప్రత్యయాన్నే ప్రకృతి (ప్రత్యయం చేరే మూలపదం) చేసుకుని మినీబస్, ట్రాలీబస్, ఎయిర్‌బస్.

— సబ్‌స్టేషన్లో బస్‌బార్ కూడా. ఫీడర్లన్నిటికీ (కరెంటు తీసుకెళ్ళే లైన్లు) ఉమ్మడి కడ్డీ కాబట్టి ఆమ్నిబస్ బార్.

— చుట్టాలు సరే, భ్యః లో యకారం సంగతేమిటి? ఈ బస్ పాత లాటిన్‌లో బోస్, అందులోనూ య లేదు. తృతీయా బహువచనపు భిః సావాసంతో మనవైపే వచ్చి చేరిందని నా పక్షం.

— లాటినే పోగొట్టుకుందని ఎందుకనుకోకూడదు?

— ఫ్రాన్సులోని నీమ్ ఊళ్ళో దొరికిన గాలిష్ (అక్కడి ప్రాచీన కెల్టిక్ భాష) శాసనంలో 'మాత్రెబో' ఉంది, అంటే మాతృభ్యః. అక్కడా య లేదు. ఇద్దరూ విడివిడిగా పోగొట్టుకున్నారా?

— ఈ బస్ అన్ని పదాలకూ రాదు. సెర్వుస్ (బానిస) లాంటివాటికి ఈస్: సెర్వీస్, మన తృతీయ రామైః పోలిక. ఆ బండికి 'ప్రజల కొరకు' అని పోపులీస్ పేరు పెట్టి ఉంటే ఇవాళ మనం లీస్ ఎక్కేవాళ్ళం. కూతుళ్ళకు మాత్రం ఫీలియాబస్, కొడుకుల ఫీలియీస్‌తో కలిసిపోకుండా. ఆమ్నిబస్ చివరి అస్ (-us) చూసి, సెర్వుస్‌లాగా ప్రథమా ఏకవచనం అనుకుని 'ఆమ్నిబై' అని బహువచనం కట్టేవాళ్ళున్నారు. అది పుట్టుకతోనే బహువచనం!

— అయితే మనం "బస్సుకు" అంటే చతుర్థి మీద చతుర్థి.

— కిన్, కున్ షష్ఠి అండీ. కొఱకున్, కై చతుర్థి.

— విభక్తులంటే పోతన. "ఎవ్వనిచే జనించు" తృతీయ, "ఎవ్వని లోపల" షష్ఠి, "ఎవ్వనియందు" సప్తమి, "ఎవ్వఁడు" ప్రథమ, చివర "వాని" ద్వితీయ. మొసలి కాలు పట్టుకున్నా ఏనుగుకి విభక్తి తప్పలేదు.

— చతుర్థి, పంచమి ఏవి మరి?

— మొదటి ప్రశ్నకొస్తే, అది రథిభ్యోఽరథేభ్యశ్చ. రథిభ్యః, అరథేభ్యః కలిస్తే ఓకారం తర్వాతి అకారం పూర్వరూపమైపోతుంది, అంటే ముందున్న ఓకారంలో కలిసిపోతుంది; దాని గుర్తుగా అవగ్రహం (ఽ) రాస్తారు. రథాల్లేనివాళ్ళంతా ఆ అవగ్రహంలో ఉన్నారు. ముద్రణలో అది ఎగిరిపోతే అర్థం తలకిందులు. ఆ వెంటనే "నమో రథేభ్యో రథపతిభ్యశ్చ" వస్తుంది, అక్కడ అవగ్రహం లేదు. మీరు రెండూ కలిపేసుకున్నారు.

— కలిపేసుకున్నాను, నిజమే. య సంగతి?